ఆఖరి పాయింటు నాది

ఫిబ్రవరి 9, ఆదివారం

గెలిచాం. నిన్న సాయంత్రం కడియం గ్రౌండులో, ఫ్లడ్ లైట్ల కింద, పాలకొల్లు వాళ్ల మీద ఐదో సెట్టు పదిహేను–పదమూడు. ఏటా ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయి రావడమే తప్ప కప్పు మొహం చూడని చర్చి టీము మాది. ఇవాళ ఆరాధన అయ్యాక పాస్టరు గారు కప్పుని బల్ల మీద పెట్టి ప్రార్థన చేశారు. ఆ తర్వాత గుడిలో ఉన్నవాళ్లంతా వచ్చి శ్యాంబాబు చెయ్యి పట్టుకుని ఊపారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాదీ ఊపారు.

అలవాటే. నేను లిఫ్టర్ని. బంతిని నెట్ మీదకి ఎత్తిపెట్టడం నా పని, ఎగిరి కొట్టడం శ్యాంబాబు పని. వంట ఒకళ్లు చేస్తే వడ్డించినవాళ్లకి పేరొచ్చినట్టు, చప్పట్లన్నీ కొట్టినవాడికే పోతాయి. నేనేం బాధపడను.

ఆఖరి పాయింటు మాత్రం నాది. ఇది ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. పద్నాలుగు–పదమూడు మీద వాళ్ల సర్వీసు మా వెనకవాడి చేతులకి అడ్డదిడ్డంగా తగిలి నెట్ అంచు దాకా వచ్చేసింది. శ్యాంబాబు ఎగరడానికి పరిగెత్తుకొస్తున్నాడు. వాళ్ల బ్లాకర్లిద్దరూ వాడినే చూస్తున్నారు. అందరూ ఎప్పుడూ వాడినే చూస్తారు. నేను వాడికి లిఫ్ట్ చేస్తున్నట్టే లేచి, ఎడం చేత్తో బంతిని నెట్ అవతలికి వదిలేశాను. ఖాళీలో పడింది. వాళ్లు ఒక్కరూ కదల్లేదు. నాకిప్పుడు ముప్పై తొమ్మిది. ఫైనల్లో నా చేత్తో మ్యాచ్ ముగియడం ఇదే మొదలు. మళ్లీ జరుగుతుందనుకోను.

ఫిబ్రవరి 10

యూట్యూబులో వీడియో పెట్టారు. ధవళేశ్వరంలో ఆఫీసులో లంచ్ టైములో ఫైళ్ల వెనక ఫోను పెట్టుకుని చూశాను. ఇరిగేషన్ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ వాడికి అంతకంటే చాటు దొరకదు.

కామెంటరీ బంగార్రాజు గారిది. భీమవరం నుంచి కారు పంపి మరీ పిలిపించారు. ఆయన గొంతు వింటే ఓడిపోయినవాళ్లకి కూడా గెలిచినట్టుంటుందని పేరు. కానీ ఆయనకి మా మొహాలు తెలియవు. ఏ నంబరు చొక్కా ఎవరిదో ముందే రాసిచ్చిన కాగితం పట్టుకుని చెబుతారు. కాగితంలో ఏడు శ్యాంబాబు, నాలుగు లాజరు. ఏటా అంతే. ఈసారి కొత్త చొక్కాలు పంచేటప్పుడు తారుమారయ్యాయి. ఏడు నా ఒంటి మీదకి, నాలుగు వాడి ఒంటి మీదకి వచ్చాయి.

దాంతో వీడియో పొడుగునా శ్యాంబాబు కొట్టిన ప్రతి స్మాషుకీ నా పేరు. లాజరు లేచాడు, లాజరు కొట్టాడు, లాజరు దెబ్బకి పాలకొల్లు వాళ్ల కాళ్లు పాతుకుపోయాయి. సరే, ఆయన పొరపాటు. ఆఖరి పాయింటు దగ్గర ఆయన గొంతు తగ్గించి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత అరిచారు: "అందరూ పిడుగు పడుతుందని చూస్తుంటే శ్యాంబాబు పువ్వు పెట్టాడండీ! పాలకొల్లు చెవిలో పువ్వు పెట్టాడండీ!"

నా పువ్వు అది.

ఫిబ్రవరి 11

వీడియో నలభై వేలసార్లు చూశారని కింద చూపిస్తోంది. నేను చూసినవి తీసేసినా చాలామందే.

ఫిబ్రవరి 13, గురువారం

సాయంత్రం అప్పారావు టీ కొట్టు దగ్గర నలుగురితో పాటు నేనూ నిలబడ్డాను. రోజూ ఇదే చర్చట. గ్రౌండులో చూసినవాళ్లు ఒకవైపు, ఫోనులో చూసినవాళ్లు ఒకవైపు. గ్రౌండు వాళ్లు ఆ డ్రాపు వేసింది లాజరే అంటున్నారు. ఫోను వాళ్లు వీడియో ఆపి, వేళ్లతో పెద్దది చేసి, ఏడో నంబరు చూపిస్తున్నారు. ఏడు ఎవరిది? శ్యాంబాబుది. ఇంకేం కావాలి? అంత పెద్ద కామెంటేటరు మైకులో చెప్పాడు కదా, ఆయనకి తెలియదా, నీకు తెలుసా అని దబాయింపు. గ్రౌండులో ముందు వరసలో కూర్చుని చూసిన ఎరువుల షాపాయన కూడా ఫోనులోకి వంగి చూసి, ఏమోనండి, లైట్ల వెలుగులో నాకే అలా అనిపించిందేమో అన్నాడు. కళ్లారా చూసినాయన!

నేను అక్కడే ఉన్నాను. వాళ్లు నన్ను అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడక్కుండా ఆ పాయింటు నాదండీ అని చెప్పుకునేంత దిగజారలేదు.

ఇంతలో శ్యాంబాబు వచ్చాడు. కడియపులంకలో నర్సరీ లోడింగ్ దిగి, మోకాళ్ల దాకా ఎర్రమట్టితో. వాణ్ణి అడిగారు. వాడు నవ్వి, "అది అన్నదండి. నేనసలు బంతి ముట్టుకోలేదు" అన్నాడు. సరిగ్గా ఉన్నదున్నట్టు చెప్పాడు. కొట్టు దగ్గర ఉన్నవాళ్లంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. చూశారా, ఎంత వినయమో, గెలిచిన పాయింటు కూడా లాజరుకి ఇచ్చేస్తున్నాడు అన్నారు. అప్పారావు వాడికి టీ ఊరికే ఇచ్చాడు.

ఫిబ్రవరి 15

హైదరాబాదు నుంచి మా మేనమామ ఫోన్. వీడియో చూశాడట. ఏం కొట్టావురా, మీ నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో అన్నాడు. ఆ కొట్టింది నేను కాదని చెబుదామనుకున్నాను. సిగ్నల్ సరిగా లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

గుడికి వెళ్లలేదు. తలనొప్పి.

ఫిబ్రవరి 18

మా ఆవిడ దీవెన వంట చేస్తూ ఫోనులో ఆ వీడియో పెట్టుకుంది. పువ్వు పెట్టాడండీ దగ్గరికొచ్చాక నవ్వింది. నువ్వు గ్రౌండులోనే ఉన్నావు కదా, ఎవరేశారో చూడలేదా అని అడిగాను. దీవెన గరిటె పక్కన పెట్టి, పాప నిద్రకి ఏడుస్తుంటే అటు తిరిగి భుజాన వేసుకున్నానండి, అరుపులు విని తిరిగేసరికి అయిపోయింది అంది. మీరేనా వేసింది అని అడిగింది. ఆ అడగడంలో "అవునా" అన్న ఆశ్చర్యం కొంచెం ఎక్కువైంది.

నేనే అన్నాను. నమ్మింది. భర్తని నమ్మినట్టు నమ్మింది. చూసినట్టు కాదు.

ఫిబ్రవరి 20, గురువారం

మధ్యాహ్నం వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"లాజరు గారికి నమస్కారం. కాకినాడ నుంచి రాస్తున్నాం. మీ నంబరు రిఫరీ గారు ఇచ్చారు. మా స్కూలు కరస్పాండెంటు సూర్యకాంతమ్మ గారు ఫైనల్ వీడియో చూశారు. మీ ఆట ఆవిడకి చాలా నచ్చింది. జూన్ నుంచి మా పిల్లలకి వాలీబాల్ నేర్పడానికి మీరు రాగలరా? పర్మినెంటు పోస్టు."

నాలుగుసార్లు చదివాను. ఫోను అటూ ఇటూ తిప్పి చదువుతుంటే పక్క సీటు నాగవల్లి గారు, ఏంటండీ, ఇంట్లో అంతా బాగేనా అని అడిగారు.

వ్యాయామ ఉపాధ్యాయుడి ట్రైనింగ్ చేసి నేను ఎక్కని గడప లేదు. డీఎస్సీ రెండుసార్లు పోయింది. ప్రైవేటు స్కూళ్లలో డ్రిల్లు మాస్టారంటే ఫీజులు వసూలు చేసిపెట్టమన్నారు. అది వద్దనుకుని ఈ కంప్యూటరు ముందు కూర్చున్నాను, కాలవల్లో నీటి లెక్కలు ఎక్కించుకుంటూ. పిల్లలు, ఒక నెట్, ఒక బంతి. నాకు కావాల్సింది జీవితంలో ఇదొక్కటే. ఇదే అడిగారు వాళ్లు.

కానీ నన్ను కాదు.

ఫిబ్రవరి 21

జవాబివ్వలేదు. ఎలా ఇస్తాను? వాళ్లు చూసింది వీడియో. వీడియోలో లాజరు అంటే ఎగిరి స్మాషులు కొట్టేవాడు. వాళ్లు లాజరు ఎవరని రిఫరీ గారిని అడిగుంటారు, ఆయన పేరు చూసి నా నంబరిచ్చుంటాడు. వాళ్లకి కావాల్సింది శ్యాంబాబు. నా ఫోనుకి వచ్చినా, ప్రతిదీ వాడి కోసమే వస్తుంది.

వాడికి చెప్పాలి. ఆదివారం గుడిలో చెబుతాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

చెప్పలేదు. వాడు ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి కుడి భుజం తడుముకుంటూ, మొక్కల బస్తాలు లారీకెత్తుతుంటే పట్టేస్తోందన్నా, డాక్టరు బరువులు మానెయ్యమన్నాడు, మానేస్తే ఏం తినాలి అన్నాడు. వాళ్లావిడ ఆశాజ్యోతి పక్కనే ఉంది. ఆమె ముందు ఇలాంటి విషయం చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. ఆశలు పెట్టి తర్వాత వాళ్లు వద్దంటే?

ఫిబ్రవరి 24

చెప్పలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం. శివరాత్రి సెలవు.

భీమవరం వెళ్లాను. బంగార్రాజు గారింటికి. రెండు బస్సులు మారి, గోదావరి దాటి, చెరువుల మధ్య రోడ్డు మీద ఆ చేపల వాసనలో వెళుతుంటే, ఈ ఒక్క పాయింటు కోసం ఇంత దూరమేంటిరా అని నాకే అనిపించింది. వెనక్కి తిరగలేదు.

ఉపవాసంలో ఉన్నారు. అయినా నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించారు. మనిషి మైకులో ఉన్నంత పెద్దగా లేరు, సన్నగా, మెడలో కళ్లజోడు వేలాడేసుకుని. విషయం చెప్పాను. అయ్యయ్యో అన్నారు. ముప్పై ఏళ్లలో ఒకడి పాయింటు ఇంకొకడికి ఇవ్వలేదండి అని నిజంగానే బాధపడ్డారు. గొంతు మళ్లీ రికార్డు చేసి వీడియో కొత్తగా పెట్టిస్తానన్నారు. నాకు ఆయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఆఖరి పాయింటు ఒక్కటీ మారిస్తే చాలండి అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని నన్ను చూశారు. "అదెలా కుదురుతుందండి? సరిచేస్తే మొత్తం సరిచెయ్యాలి. మీ పేరు మీద చెప్పిన స్మాషులన్నీ ఆ అబ్బాయివి కదా. ఆ రెండు పేర్లూ మొదటినుంచీ మార్చేస్తాను."

మొదటినుంచీ మారిస్తే నాకు మిగిలేది ఎడం చేత్తో వేసిన ఆ ఒక్క డ్రాపు. మేనమామ మళ్లీ ఫోన్ చేస్తాడు. కాకినాడ వాళ్లకీ తెలిసిపోతుంది. కొంచెం ఆగండి, మా టీము వాళ్లతో మాట్లాడి చెబుతాను అన్నాను.

గుమ్మం దాకా వచ్చి, అవునూ, ఈ చొక్కాలు ఎందుకు మారాయండి అని అడిగారు. లాండ్రీలో కలిసిపోయాయండి అని చెప్పాను.

ఫిబ్రవరి 27

కొత్త చొక్కాలు లాండ్రీకి ఎవరేస్తారు. ఆయన నమ్మారో లేదో.

ఇక్కడ ఎవరు చదువుతారు కనక. కట్ట విప్పింది నేనే. ఏడో నంబరు తీసి నా సంచిలో పెట్టుకున్నాను. శ్యాంబాబుకి అది నీకు బిగుతురా అని చెప్పాను. రెండూ ఒకటే సైజు. వాడు కనీసం ఒంటికి పెట్టి చూసుకోలేదు, సరే అన్నా అని నాలుగో నంబరు తొడుక్కున్నాడు. ఆ చొక్కా వేసుకుని గ్రౌండులోకి దిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనుకున్నాను, అంతే. చూశాను కదా.

మార్చి 3, సోమవారం

కాకినాడ నుంచి మళ్లీ మెసేజ్. మేడం గారు మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నారు, ఒకరోజు వచ్చి పిల్లల ముందు ఆడి చూపిస్తే మిగతా విషయాలు మాట్లాడుకుందాం అని.

ఆడి చూపించాలట.

మార్చి 4

స్మాషు నేర్పేవాడికి స్మాషు కొట్టడం రావాలా? చెప్పడం వస్తే చాలదా? వాడికి ఇన్నేళ్లు బంతి అందించినవాణ్ణి, ఎప్పుడు ఎగరాలో, చెయ్యి ఎక్కడ మడవాలో వాడికంటే నాకే బాగా తెలుసు. తెల్లారకముందే లేచి గుడి వెనక గోడ దగ్గర మొదలుపెట్టాను.

మార్చి 5, భస్మ బుధవారం

గోడకి తగలాల్సిన బంతి పాస్టరు గారి పెరట్లో పడింది. పాస్టరమ్మ గారి వంగ మొక్క విరిగింది. ఉపవాస ప్రార్థనలకి వచ్చినవాళ్లు నన్ను చూసి, లాజరు ఇంకా ప్రాక్టీసు మానలేదు అని మెచ్చుకున్నారు.

మార్చి 6

చెయ్యి పైకి లేవడం లేదు. దీవెన నూనె రాస్తూ, ఈ వయసులో ఎవరికి చూపిద్దామనండీ అని అడిగింది.

మార్చి 7, శుక్రవారం

రాసేశాను. ఆఫీసులోనే, ఎవరూ లేనప్పుడు.

"అమ్మా, నాకు వీలుకాదండి. మీరు చూసి మెచ్చిన ఆట శ్యాంబాబుది. చాలా మంచివాడు. అతనికి ఇవ్వండి." కింద వాడి నంబరు.

పంపాక ఎంత తేలిగ్గా ఉందో. మనిషన్నవాడు ఈమాత్రం చెయ్యాలి. ఇంకొకడైతే ఆ మెసేజ్ నొక్కిపెట్టేసి ఊరుకునేవాడు. ఈస్టరు ముందు ఈ శ్రమదినాల్లో ఇంతకంటే పెద్ద ఉపవాసం ఏముంటుంది? వాడికి నేనే పంపానని కూడా చెప్పను. దేవుడు చూస్తాడు చాలు. ఆ ఆడి చూపించమన్నదానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 9, ఆదివారం

వాడికి ఫోన్ వచ్చిందట. గుడి మెట్ల మీదే నన్ను పట్టుకున్నాడు. బుధవారం రమ్మన్నారన్నా, నా పేరు వాళ్లకెవరు చెప్పారో అర్థం కావట్లేదు అన్నాడు. మొహం వెలిగిపోతోంది. నేను మంచిదేరా, వెళ్లిరా అన్నాను. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. దీవెనతో కూర ఉప్పగా ఉందన్నాను. లేదు.

మార్చి 11

వాడు నా తెల్ల చొక్కా అడిగి తీసుకెళ్లాడు. ఇస్త్రీ చేసి ఇచ్చాను.

మార్చి 12, బుధవారం

ఇవాళ వెళ్లుంటాడు.

మార్చి 13, గురువారం

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగినది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం శ్యాంబాబూ ఆశాజ్యోతీ వచ్చారు. ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. ఆ పిల్ల లోపలికొస్తూనే దీవెనని పట్టుకుని ఏడ్చింది. సంతోషంతోనే. వాడికి ఆ పోస్టు వచ్చింది. జూన్ ఒకటిన చేరాలి. స్కూలు వెనకే క్వార్టరు కూడా ఇస్తారట. నేను కంగ్రాచులేషన్స్ రా అని చెయ్యి చాపితే వాడు చెయ్యి పట్టుకోకుండా నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

అప్పుడు చెప్పాడు. వాణ్ణి గ్రౌండులోకి తీసుకెళ్లి సూర్యకాంతమ్మ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారట. డెబ్భై ఏళ్లుంటాయట. చిన్నప్పుడు జిల్లాకి ఆడారట. వాడు రెండు బంతులు కొట్టాడో లేదో చెయ్యెత్తి ఆపేశారట. నువ్వు ఏడో నంబరు అబ్బాయివి కాదు కదా, నేను పిలిచింది ఏడో నంబరుని, ఆ లిఫ్టు చేసినాయన్ని అన్నారట.

నాకు అర్థం కాలేదు. కామెంటరీలో ఏడో నంబరు నీ పేరు కదరా అన్నాను.

"ఆవిడకి చెవులు వినపడవన్నా, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటారు. వీడియో సౌండు లేకుండానే చూస్తారంట. కొట్టేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, బంతి ఎక్కడ పెట్టాలో తెలిసినాయన నాకీ వీడియోలో కనపడ్డాడు, పిల్లలకి నేర్పాల్సింది ఆయనే అన్నారు. రిఫరీ గారికి కూడా అలాగే చెప్పి నీ నంబరు తీసుకున్నారంట."

దీవెన నా వైపు చూసింది. నేను పూతరేకు పొర ఊడదీస్తూ కూర్చున్నాను.

మరి నీకెలా ఇచ్చారు అని అడిగాను. ఆ మాట నా నోట్లోంచి బాగా రాలేదు. వాడు కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ నా మెసేజ్ వాడికి చూపించారట. వాడు చదివి, ఇది మా అన్న మనసండి, నాకు భుజం పోయిందని, లోడింగ్ చెయ్యలేకపోతున్నానని తెలిసి తనకొచ్చింది నాకు వదిలేశాడు అని చెప్పాడట. ఆయన్నే పిలవండమ్మా అని బతిమాలాడట కూడా. ఆవిడ మాత్రం, రెండుసార్లు రాయించాం, వద్దన్నారు, ఇచ్చేసినదాన్ని మళ్లీ ఆయన చేతిలో పెడితే ఆయన్ని అవమానించినట్టవుతుంది అన్నారట. ఆయన నీ గురించి ఇంత మంచిగా రాశాడంటే నువ్వూ మంచివాడివే అయ్యుంటావు, చేరు అన్నారట.

నేను చెప్పొచ్చు. అప్పుడే, అక్కడే చెప్పొచ్చు. ఒరేయ్ శ్యాం, నేనేం వదల్లేదురా, నిన్నే అడుగుతున్నారనుకుని కుళ్లిపోయానురా, నన్నే అని తెలిసుంటే నీకు చెప్పేవాణ్ణే కాదు, ఆ పోస్టు నాది, వెళ్లి వాళ్లకి చెప్పు అని. నోరు తెరిచాను కూడా. ఆశాజ్యోతి మా పాపని ఒళ్లో పెట్టుకుని, మా అన్నయ్య కూడా నాకింత చెయ్యలేదక్కా అని దీవెనతో అంటోంది.

నోరు మూసుకున్నాను. వాళ్లు వెళ్లిపోయాక దీవెన ఒక్కమాటే అడిగింది. "మీకు తెలిసే వదిలేశారా?" అవునన్నాను. ఆవిడ కంచాలు తీసింది.

మార్చి 14

ఆ మెసేజ్ మళ్లీ చదివాను. లాజరు గారికి. మీ నంబరు. మీ ఆట. మీరు రాగలరా. ఎక్కడా వాడి పేరు లేదు. నాకు తప్ప ఎవరికీ కనపడలేదు ఆ పేరు.

మార్చి 16, ఆదివారం

పాస్టరు గారు ప్రసంగంలో పేరు చెప్పకుండా చెబుతున్నట్టు చెబుతూ చివర్లో చెప్పేశారు. తనకి కలిగినదాన్ని తమ్ముడికి ఇచ్చినవాడు మన మధ్యే ఉన్నాడు అని. లాజరు, ఒకసారి నిలబడు నాయనా అన్నారు. నిలబడ్డాను. గుడంతా తిరిగి చూసింది. శ్యాంబాబు వెనక వరసలో ఉన్నాడు, ఈసారి ఎవరూ వాణ్ణి చూడలేదు. నేను ఎన్నాళ్లనుంచో కోరుకున్నది అదే. నాకు చొక్కా లోపల చెమటలు పట్టాయి. ఎప్పుడు కూర్చోమంటారా అని ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను.

మార్చి 17

బంగార్రాజు గారు ఫోన్ చేశారు. మార్చమంటారా అని. మార్చెయ్యండి, మొత్తం మార్చెయ్యండి అన్నాను.

మార్చి 20, గురువారం

శ్యాంబాబు ఆఫీసు బయట కాచుకుని ఉన్నాడు. ఇద్దరం బ్యారేజీ ఎక్కి సగం దూరం నడిచాం. తర్వాత, మేడం గారు ఒక షరతు పెట్టారన్నా, జూన్ లోగా నీ దగ్గర లిఫ్టింగ్ నేర్చుకుని రమ్మన్నారు, పిల్లలకి అదే నేర్పాలంట అన్నాడు. "నీకు కుదరకపోతే వద్దన్నా. ఇప్పటికే చాలా చేశావు."

నాకు వాణ్ణి గోదాట్లోకి తోసెయ్యాలనిపించింది. ఇది దేవుడికి తెలుసు కాబట్టి రాయడానికి సిగ్గెందుకు? నా ఉద్యోగం వాడికిచ్చాను. నా చొక్కా వేసుకుని వెళ్లి తెచ్చుకున్నాడు. ఇప్పుడు నా వేళ్లలో ఉన్నది కూడా అడుగుతున్నాడు, అదీ మర్యాదగా, కుదరకపోతే వద్దని చెబుతూ.

రేపు ఐదింటికి గ్రౌండుకి రమ్మన్నాను.

మార్చి 21

మొదటిరోజు వాడికి ఒక్కటీ రాలేదు. బంతి అరచేతులకి తగిలి చప్పుడు చేస్తోంది. హాయిగా ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

మార్చి 25

కొత్త వీడియో వచ్చింది. ఆఖరి పాయింటుకి నా పేరే. చూసినవాళ్లు చాలా తక్కువ. టీ కొట్టు దగ్గర ఎవరో పెట్టారు. ఫోను వాళ్లు కామెంటరీ మార్చేశారని గొడవపెట్టుకున్నారు, మొదటిదే అసలుదట. నన్ను అడిగారు. మీ ఇష్టం అన్నాను.

మార్చి 29, శనివారం

ఇవాళ ఎండ తగ్గాక గ్రౌండులో మేమిద్దరమే. నేను బంతి విసురుతున్నాను, వాడు ఎత్తిపెడుతున్నాడు. చేతులు నుదుటి మీదకి, వేళ్లు విప్పి, బంతి కిందికి ముందు కాళ్లు వెళ్లాలి, తర్వాత చేతులు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు, మూడేళ్లు తంటాలుపడి నేనే తెలుసుకున్నాను. వాడికి వారంలో చెప్పేశాను. వాడి వేళ్లు నా వేళ్లకంటే పొడుగు. ఆ సంగతి ఇన్నేళ్లూ నేను గమనించలేదు.

చీకటిపడే ముందు ఒకటి వేశాడు. చప్పుడు లేదు. బంతి వాడి వేళ్లలోంచి లేచి, తిరగకుండా, నెట్ మీద ఎక్కడ ఆగాలో అక్కడ ఒక్క క్షణం ఆగింది. నా జన్మలో అలాంటిది నేను ఓ పదిసార్లు వేసుంటానేమో.

వాడికి తెలియలేదు. నా వైపు తిరిగి, ఇలాగేనా అన్నా అని అడిగాడు.

అలాగే. అచ్చం అలాగే.

"కాదు, మళ్లీ వెయ్యి" అన్నాను.